జీతం చీటీలో ఈఎస్ఐ కటింగ్: కాన్పు నాటికి ఆ పైసలు మీకు పనికి రావాలంటే

గార్మెంట్ యూనిట్లలో, కాంట్రాక్టు ఏజెన్సీల కింద పనిచేసే అక్కాచెల్లెళ్లకు

మీ జీతం చీటీ ఒకసారి బయటకు తీయండి. కోతలు రాసి ఉన్న చోట పీఎఫ్ కింద ఒక చిన్న అంకె కనిపిస్తుంది. పక్కన ఈఎస్ఐ అని ఉంటుంది. మీ వేతనం నెలకు రూ. 14,000 అయితే ఆ అంకె రూ. 105. చిన్నదే కదా అని చాలామంది దాన్ని చూడకుండానే చీటీ మడిచి పెడతారు. కాన్పు సమయంలో మీ చేతికి దాదాపు రూ. 85,000 రావాలా, ఒక్క రూపాయీ రాకుండా పోవాలా అన్నది తేల్చేది ఆ చిన్న అంకే. ఎట్లా అన్నదే ఈ కాగితంలో చెప్తున్నాం. కొంచెం లెక్కలున్నాయి, ఓపిగ్గా చదవండి.

ఇది ఎవరికోసం?

గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కులో మిషన్ మీద కూర్చునే వాళ్లకు. జీడిమెట్ల, బాలానగర్ వైపు చిన్న షెడ్లలో యూనిఫాంలు, టీషర్టులు కుట్టే వాళ్లకు. కటింగ్, చెకింగ్, ఇస్త్రీ, ప్యాకింగ్ చేసే వాళ్లకు. కొన్నాళ్లు కుట్టుపని చేసి, తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి టవర్లలో హౌస్‌కీపింగ్‌కో, ప్యాంట్రీకో మారిన వాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. అసలు ఎక్కువ నష్టపోయేది ఇట్లా చోటు మారిన వాళ్లే.

పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, నెల వేతనం రూ. 21,000 దాటని ప్రతి ఒక్కరికీ ఈఎస్ఐ ఉండాలి. వికలాంగులకైతే ఈ పరిమితి రూ. 25,000. పర్మినెంటా, కాంట్రాక్టా, పీసు లెక్కన కూలీనా అన్న తేడా లేదు. "నువ్వు పీస్ రేటు మనిషివి, నీకు ఈఎస్ఐ ఉండదు" అని ఎవరైనా అంటే అది తప్పు మాట. "ఆరు నెలలు ట్రైనింగ్ అయ్యాక చేరుస్తాం" అన్నా తప్పే. చేరిన మొదటి రోజు నుంచే చేర్చాలి.

ఎవరి వాటా ఎంత?

మీ వేతనంలో 0.75 శాతం మీ వాటా. యజమాని వాటా 3.25 శాతం. 2019 జూలై 1 నుంచి ఈ లెక్కే నడుస్తోంది. అంతకుముందు మీ వాటా 1.75 శాతం, వాళ్ల వాటా 4.75 శాతం ఉండేది. అంటే రూ. 14,000 వేతనానికి మీరు రూ. 105 కడితే యజమాని రూ. 455 కలపాలి. ఆ రూ. 455 మీ జీతంలోంచి కోయకూడదు. కొన్ని చోట్ల మొత్తం రూ. 560 మీ దగ్గరే పట్టుకుంటున్నారు. చీటీలో మీ 0.75 శాతం కంటే ఎక్కువ కోత కనిపిస్తే అడగండి. రోజుకు సగటున రూ. 176 లోపు కూలి వచ్చే వాళ్ల దగ్గర ఏమీ కోయకూడదు, యజమాని వాటా మాత్రం కట్టాల్సిందే.

ఈ నెల కోసిన పైసలు వచ్చే నెల 15వ తేదీలోగా ఈఎస్ఐ కార్పొరేషన్‌కు చేరాలి. అందుకే 15 దాటాక ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఫోన్‌లో ఉమాంగ్ యాప్ పెట్టుకుని, మీ ఈఎస్ఐ నంబర్‌తో లోపలికి వెళ్తే ఏ నెల ఎన్ని రోజులకు కట్టారో కనిపిస్తుంది. ఫోన్ చూడటం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలకు చెప్పండి, పది నిమిషాల పని. చీటీలో కోత ఉండి, అక్కడ ఆ నెల ఖాళీగా ఉంటే మీ పైసలు కట్టలేదన్నమాట. కార్మికుల దగ్గర కోసి కట్టకపోవడం జైలు శిక్ష దాకా వెళ్లే నేరం. అట్లా కట్టకపోయినా మీ హక్కు పోదు. కార్పొరేషన్ మీకు ఇవ్వాల్సింది ఇచ్చి, యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలో ఉంది. కాకపోతే మీరు ఆ యూనిట్‌లో పనిచేశారని చూపించాలి. జీతం చీటీలు, హాజరు కార్డు, బ్యాంకులో జీతం పడ్డ మెసేజ్‌లు పారేయకండి.

చీటీయే ఇవ్వని చోట? అడగండి, అది మీ హక్కు. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో కొత్త కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం పనిలో చేరిన ప్రతి ఒక్కరికీ నియామక పత్రం కూడా ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకూడదు. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో రావాల్సిన వేతనం చెల్లించాలి. నియామక పత్రం చేతికి వస్తే మీ అసలు యజమాని ఎవరన్నది స్పష్టమవుతుంది. కుట్టు లైన్లలో చాలామందికి అదే తెలియదు. కంపెనీ పేరు ఒకటి, జీతం వేసేది ఇంకొకరు, ఈఎస్ఐ కట్టేది మూడో పేరు మీద!

కాన్పు డబ్బు లెక్క

అర్హత ఉన్న వాళ్లకు 26 వారాల పాటు పూర్తి వేతనం వస్తుంది. అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు తీసుకోవచ్చు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు. గర్భస్రావం అయితే 6 వారాలు. గర్భం వల్ల, కాన్పు వల్ల జబ్బు చేస్తే ఇంకో నెల వరకు కలుస్తుంది. ఇదంతా 2017 నుంచి ఉన్న లెక్క. అంతకుముందు 26 ఉన్న చోట 12 వారాలే ఉండేవి.

నెలకు రూ. 14,000 అంటే రోజుకు దాదాపు రూ. 467. 26 వారాలంటే 182 రోజులు. మొత్తం రూ. 85,000 దగ్గరకు వస్తుంది. నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ రోజుల్లో మీరు వేరే చోట కూలికి పోకూడదు, అదొక్కటే షరతు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ డబ్బు మీ కంపెనీ ఇచ్చేది కాదు. ఈఎస్ఐ కార్పొరేషన్ ఇచ్చేది. కడుపుతో ఉన్నావని తెలియగానే "ఆరు నెలలు ఊరికే జీతం ఎట్లా ఇస్తాం, రాజీనామా రాసి పో, తర్వాత మళ్లీ తీసుకుంటాం" అనే సూపర్‌వైజర్లు ఉన్నారు. ఈఎస్ఐ ఉన్న చోట ఆ మాటకు అర్థమే లేదు. ఆ ఆరు నెలల జీతం వాళ్ల జేబులోంచి పోదు. వాళ్లు చేయాల్సిందల్లా మీ పేరు రోల్స్‌లో ఉంచడం. మాదాపూర్ టవర్‌లో రూ. 21,000 పైన జీతం ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి ఆమె కంపెనీయే 26 వారాల జీతం ఇవ్వాలి. అదే అంతస్తు తుడిచే అక్కకు ఈఎస్ఐ ఇస్తుంది. ఇద్దరికీ వారాలు అవే.

ఈఎస్ఐ నుంచి కాన్పు డబ్బు తీసుకుంటున్న కాలంలో మిమ్మల్ని తీసేయడానికి వీల్లేదు. తీసేసినట్టు నోటీసు ఇచ్చినా అది చెల్లదు. అందుకే నోటీసు ఇవ్వరు, మీ చేతే రాజీనామా రాయించుకోవాలని చూస్తారు. సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. "ఫార్మాలిటీ" అన్నా సరే.

70 రోజుల నిబంధన

అసలు చిక్కు ఇక్కడుంది. ఈఎస్ఐ ఏడాదిని రెండు ముక్కలు చేసి లెక్కిస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టిన చందాకు ఫలం జనవరి నుంచి జూన్ వరకు దక్కుతుంది. అక్టోబర్ నుంచి మార్చి వరకు కట్టిన దానికి జూలై నుంచి డిసెంబర్ వరకు. అంటే కట్టడానికీ, పొందడానికీ మధ్య మూడు నెలల ఎడం ఉంటుంది.

కాన్పు ఏ అర్ధ సంవత్సరంలో పడుతుందో చూసి, దానికి లెక్కలోకి వచ్చే వెనకటి రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా ఉండాలి. మాట వరసకు, లక్ష్మికి మే నెలలో కాన్పు అనుకుందాం. మే అంటే జనవరి–జూన్ ముక్క. ఆమెకు చూసేది అంతకుముందు ఏడాది ఏప్రిల్–సెప్టెంబర్, దానికి ముందరి అక్టోబర్–మార్చి. ఈ పన్నెండు నెలల్లో 70 రోజులు చాలు. నిజానికి మూడు నెలల కంటే తక్కువ పని. లక్ష్మి ఏడాదిన్నరగా ఒకే లైన్‌లో కుడుతుంటే ఇబ్బందే లేదు.

కానీ లక్ష్మి కొత్తగా అక్టోబర్‌లో చేరి ఉంటే? మే వరకు నెలనెలా కోత పడినా కాన్పు డబ్బు రాదు. ఆ అక్టోబర్–మార్చి చందాకు ఫలం జూలైలో గానీ మొదలు కాదు. కొత్తగా చేరిన వాళ్లకు నగదు రావడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుందని గుర్తు పెట్టుకోండి. వైద్యం మాత్రం మొదటి రోజు నుంచే.

ఇప్పుడు అసలు ప్రమాదం. లక్ష్మి మూడేళ్ల నుంచి గుండ్లపోచంపల్లిలో కుడుతూ అక్కడ మానేసి, అక్టోబర్‌లో హైటెక్ సిటీలో ఒక హౌస్‌కీపింగ్ ఏజెన్సీలో చేరిందనుకోండి. ఆమె పాత నంబర్ అదే కొనసాగితే పాత యూనిట్‌లో కట్టిన రోజులన్నీ లెక్కలోకి వస్తాయి, మే కాన్పుకు డబ్బు వస్తుంది. కానీ ఏజెన్సీ వాళ్లు "ఈఎస్ఐ నంబర్ ఉందా?" అని అడగకుండా కొత్త నంబర్ తీసేస్తే ఆమె ఈఎస్ఐ పుస్తకంలో నిన్న మొన్న చేరిన మనిషి అవుతుంది. మూడేళ్ల రోజులు ఒక నంబర్‌లో, కాన్పు ఇంకో నంబర్‌లో! ఏజెన్సీ టెండర్ మారినప్పుడల్లా ఇదే జరుగుతుంది. మనిషి అదే, చీపురు అదే, అంతస్తు అదే, కాగితం మీద మాత్రం కొత్త మనిషి.

అందుకని పది అంకెల మీ ఈఎస్ఐ నంబర్ ఆధార్ నంబర్‌లాగే నోటికి రావాలి. కార్డు పోయినా పర్లేదు, నంబర్ పోకూడదు. ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. కొత్త చోట చేరేటప్పుడు వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. ఆధార్, ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా ఆ నంబర్‌కు కలిపి ఉంటే రెండో నంబర్ పుట్టే అవకాశం తగ్గుతుంది. ఇప్పటికే రెండు నంబర్లు ఉంటే, రెండింటి వివరాలు, ఆధార్ పట్టుకుని మీ ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఒకటి చేయమని రాసి ఇవ్వండి. నెలలు నిండే దాకా ఆగకండి. కడుపుతో ఉన్నామని తెలిసిన వారమే ఈ పని పెట్టుకోండి.

టవర్‌లో కాంట్రాక్టు కింద ఉన్న వాళ్లకు ఇంకో సంగతి. ఏజెన్సీ కట్టకపోతే ఆ బాధ్యత పని చేయించుకుంటున్న కంపెనీ మీద పడుతుంది. ఏజెన్సీ బకాయి పడ్డ చందాను మొదట ఆ కంపెనీ కట్టాలి, తర్వాత ఏజెన్సీ బిల్లులో పట్టుకోవాలి. కాబట్టి ఏజెన్సీ సూపర్‌వైజర్ "నాకు తెలియదు" అంటే, ఆ కంపెనీ హెచ్ఆర్‌కు లేదా ఫెసిలిటీ మేనేజర్‌కు కాగితం ఇవ్వండి. పెద్ద కంపెనీలు ఇట్లాంటి ఫిర్యాదుకు త్వరగానే కదులుతాయి, ఎందుకంటే లెక్క తప్పితే జరిమానా తమకే అని వాళ్లకు తెలుసు.

డబ్బు కోసం ఏం చేయాలి

ముందు మీకు కేటాయించిన ఈఎస్ఐ డిస్పెన్సరీలో పేరు నమోదు చేయించుకోండి. మన రాష్ట్రంలో ఈ డిస్పెన్సరీలను రాష్ట్ర ప్రభుత్వ బీమా వైద్య సేవల విభాగం నడుపుతుంది. ఇక్కడి నుంచి పెద్ద దవాఖానకు పంపుతారు. నాచారంలో ఈఎస్ఐ దవాఖాన ఉంది, సనత్‌నగర్‌లో మెడికల్ కాలేజీతో కూడిన పెద్దది ఉంది. గర్భం ఉన్నట్టు, కాన్పు ఫలానా తేదీన అనుకుంటున్నట్టు, తర్వాత కాన్పు అయినట్టు డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ల మీదే డబ్బు విడుదల అవుతుంది. కాన్పు కోసం పుట్టింటికి పోయే వాళ్లు బయలుదేరే ముందే డిస్పెన్సరీలో చెప్పి, మొదటి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోవాలి. పుట్టింట్లో ప్రైవేటు ఆస్పత్రిలో కాన్పు అయి, చేతిలో ఏ కాగితమూ లేకపోతే తర్వాత తిరగాల్సి వస్తుంది.

క్లెయిమ్ ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, బ్రాంచి ఆఫీసులో కాగితం మీద కూడా ఇవ్వొచ్చు. బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు, ఆధార్‌లో పేరు, ఈఎస్ఐలో పేరు ఒకటే ఉందా చూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు ఒక చోట మారి, ఇంకో చోట మారక ఆగిపోయే దరఖాస్తులు తక్కువేం కాదు.

పనికి తిరిగి వచ్చాక: 50 మంది అంతకంటే ఎక్కువ మంది ఉన్న చోట పిల్లలను ఉంచే క్రెష్ సౌకర్యం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. టార్గెట్ పేరు చెప్పి ఆపకూడదు.

సూది గుచ్చుకుంటే, దారిలో పడితే

వేలికి సూది దిగడం కుట్టు లైన్‌లో రోజూ జరిగేదే. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని మళ్లీ కూర్చుంటారు. లోపల సూది ముక్క విరిగి ఉంటే, కట్టర్‌లో వేలు పడితే అట్లా కాదు. పనిలో దెబ్బ తగిలితే 70 రోజులు, తొమ్మిది నెలలు అన్న లెక్కలేవీ లేవు. మొదటి రోజు చేరి ఆ రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. దెబ్బ వల్ల మూడు రోజులకు తక్కువ కాకుండా పనికి దూరమైతే, పనిచేయలేని ఆ రోజులన్నిటికీ వేతనంలో 90 శాతం వస్తుంది. ప్రమాదం జరిగినట్టు యజమాని ఈఎస్ఐకి రిపోర్టు పంపాలి. "ఇంట్లో తగిలిందని చెప్పు" అంటే ఒప్పుకోకండి. అదే రోజు ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి, పక్కన ఉన్న ఇద్దరి పేర్లు గుర్తు పెట్టుకోండి.

ఇంటి నుంచి డ్యూటీకి వస్తున్నప్పుడు, డ్యూటీ నుంచి ఇంటికి పోతున్నప్పుడు జరిగిన ప్రమాదం కూడా, సమయమూ దారీ పనితో కుదిరితే, పనిలో దెబ్బ కిందకే వస్తుంది. మేడ్చల్ హైవే మీద రాత్రి షిఫ్టు ముగించుకుని ఆటోలో వచ్చే వాళ్లు ఈ సంగతి ఇంట్లో వాళ్లకు కూడా చెప్పి ఉంచాలి. రాత్రి షిఫ్టుకు మీ ఒప్పుదల ఉండాలి, రానుపోను వాహనం, భద్రత యజమాని చూడాలి అన్నది కొత్త చట్టంలోనూ ఉంది.

మామూలు జబ్బుకైతే రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. దీనికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కావాలి. మొదటి రెండు రోజులకు రాదు.

పీఎఫ్ సంగతి రెండు ముక్కల్లో

ఈఎస్ఐ నంబర్‌కు చెప్పిందే పీఎఫ్ యూఏఎన్‌కూ వర్తిస్తుంది. మనిషికి ఒకటే నంబర్, ఎన్ని చోట్లు మారినా. నమోదైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. 2016లో పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్లు వచ్చే దాకా తీసుకోనివ్వమని కేంద్రం నిబంధన తెస్తే, ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్లే, రోడ్ల మీదకు వచ్చారు. రెండో రోజే ఆ నిబంధన వెనక్కి పోయింది. చీటీలో ఆ చిన్న అంకెల విలువ వాళ్లకు బాగా తెలుసు.

చీటీలో ఏడాదికి ఒక్కసారి రూ. 2 కోత కనిపిస్తే కంగారు పడకండి. అది రాష్ట్ర కార్మిక సంక్షేమ నిధి. దానికి యజమాని రూ. 5 కలుపుతారు. కార్మికుల పిల్లల చదువుకు స్కాలర్‌షిప్ లాంటివి ఆ బోర్డు నుంచే వస్తాయి. పది పాసైన పిల్లలుంటే అడిగి చూడండి.

ఎక్కడికి పోవాలి

చందా కట్టలేదు, రెండు నంబర్లు ఉన్నాయి, క్లెయిమ్ ఆగింది అంటే ముందు మీ బ్రాంచి ఆఫీసు. అక్కడ తేలకపోతే ఆదర్శ్‌నగర్, హిల్‌ఫోర్ట్ రోడ్డులోని ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయం. ఫోన్‌లో అడగాలంటే ఈఎస్ఐ టోల్‌ఫ్రీ 1800-11-2526. జీతం ఇవ్వకపోవడం, బలవంతపు రాజీనామా, నియామక పత్రం లాంటి వాటికి కార్మిక శాఖ. దాని ప్రధాన కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, ఆధార్ ఒక్కటి పెట్టుకుని పోతే చాలు.

పోయేటప్పుడు చేతిలో ఉండాల్సినవి: ఈఎస్ఐ నంబర్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కిందటి ఏడాది జీతం చీటీలు, డాక్టర్ కాగితాలు. ఇచ్చే ప్రతి దరఖాస్తుకూ ఒక జిరాక్స్ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. ఒక్కరే పోలేకపోతే, మీ లైన్‌లో ఇదే ఇబ్బంది ఉన్న ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని పోండి.